లోహమునకును దిక్కు కలదు

(మన గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఒక పల్లెలో ఒక గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు తలుపు మూయకుండ నడచుట చిన్న విషయము కాదు. 1901లో హైదరాబాదు నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిన పెద్దలు ఒక దీపమును వెలిగించిరి. ఆ దీపమునుండి తెలంగాణమున ఎన్నియో దీపములు వెలిగినవి. చేవెళ్ళకును మొయినాబాదునకును నడుమనున్న మన ఊరి గ్రంథాలయము వానిలో నొకటి. ఇచ్చటికి పత్రిక చదువుటకు వచ్చినవారు కలరు. ఉద్యోగపరీక్షలకు చదువుకొనుటకు వచ్చినవారు కలరు. వానకు తడియకుండ నిలుచుటకు వచ్చి, చేతికందిన పుస్తకము తెరచి, వాన వెలసినను కదలనివారును కలరు. వారందరి తరఫున కార్యవర్గమువారిని అభినందించుచున్నాను.

సాహిత్యమును గూర్చి పలుకదగిన పెద్దలు ఈ వేదికపై పలువురు కలరు. నాకు ఆ అధికారము లేదు. ఒక పరీక్షాశాలలో లోహపు ముక్కలను యంత్రమున బిగించి, లాగి, విరిచి, విరిగిన ముఖమును సూక్ష్మదర్శినిలో చూచుటతో నా ఉద్యోగ జీవితము గడచినది. ఆ మాటయే కార్యదర్శిగారితో అంటిని. “మీకు తెలిసినదే చెప్పండి, వింటాము” అని వారు సెలవిచ్చిరి. కనుక నాకు తెలిసినదే చెప్పుదును.

నేను ఎన్నుకొన్నది టైటానియమను లోహము. ఆ లోహపు పొడిని పొరపొరగా కరగించి వస్తువులను నిర్మించు నూతన విధానము. దీనినే త్రీడీ ప్రింటింగు అని పిలుచుచున్నారు. “చేవెళ్ళ మార్కెట్టుకు కూరగాయలు తోలుకొనిపోవు మాకు దీనితో నేమి పని?” అని మీలో కొందరు తలపవచ్చును. రెండు కారణములు చెప్పుదును. మొదటిది మన పిల్లలు. ఉదయమున మొయినాబాదు రహదారిపై నిలిచి చూడుడు. ఇంజనీరింగు కళాశాలల బస్సులు వరుసగా పోవుచుండును. ఆ బస్సులలో మన ఇండ్ల పిల్లలును కూర్చుండియున్నారు. రేపు వారిలో కొందరు ఇట్టి యంత్రముల యెదుట నిలిచి, “ఈ వస్తువు మంచిది” అని సంతకము పెట్టవలసినవారు. రెండవది మన పెద్దలు. తుంటికీలు అరిగినవారికిని, ప్రమాదమున ఎముక విరిగినవారికిని వైద్యులు అమర్చు లోహభాగములలో టైటానియము ముఖ్యమైనది. మన ఒంటిలోనికి వచ్చుదానిని గూర్చి మనము తెలిసికొనుట ఉచితమే గదా!

విషయము కొత్తది. కాని అందలి సత్యము మన వడ్రంగికి తాతలనాటినుండియు తెలిసినదే. తుమ్మమొద్దును చీల్చునప్పుడు గొడ్డలిదెబ్బ నార వెంట పడినచో మొద్దు రెండు చెక్కలుగా విడిపోవును. నారకు అడ్డముగా పడినచో ఒక గాటు మాత్రమే పడును. కఱ్ఱ ఒక్కటే, గొడ్డలి ఒక్కటే, కొట్టిన చేయియు ఒక్కటే. మారినది దిక్కు మాత్రమే. అందుచేతనే బండికి గాని నాగలికి గాని కఱ్ఱను కోయబోవు వడ్రంగి ముందుగా నార ఏ వంకకు పోవుచున్నదో చూచును. “ఈ కఱ్ఱ ఎంత గట్టిది?” అని మీరు ప్రశ్నించినచో, “ఏ దిక్కున?” అని అతడు మిమ్ములను తిరిగి ప్రశ్నించును. నా ప్రసంగమంతయు ఆ రెండు మాటలలోనే యున్నది.

లోహమునకు నార లేదనియు, అది అన్ని దిక్కులను సమానమనియు మనము తలచుదుము. అది పైకి నునుపుగా కనబడుటచేత కలిగిన భ్రమ. లోహపు ముక్కను అద్దమువలె నున్నగా సానబట్టి, తగిన ఆమ్లమును కొంచెముసేపు తాకించి, సూక్ష్మదర్శినిలో చూచినచో, లోపల గింజలు గింజలుగా స్ఫటికములు కనబడును. ప్రతి గింజలోను పరమాణువులు ఒక క్రమమున వరుసలు తీరియుండును. ఆ గింజల ఆకారము, పరిమాణము, అవి నిలిచిన దిక్కు, వాని నడుమనున్న సరిహద్దులు, ఇవి యన్నియు కలిసి ఆ లోహపు సూక్ష్మనిర్మాణము. లోహము గట్టిదగుట, సాగుట, విరుగుట దీనిపైననే ఆధారపడియుండును.

ఈ విద్య మన తెలంగాణమునకు పరాయిది కాదు. నిజామాబాదు ప్రాంతమందలి కోనసముద్రములో మూసలలో కరగించి తీసిన ఉక్కు పూర్వము దేశాంతరములందు ప్రసిద్ధి చెందినది. పర్షియాదేశపు వర్తకులు దానికొఱకు అచ్చటికి వచ్చెడివారు. ఆ కొలుములను స్వయముగా చూచిన హెన్రీ వాయిసీ అను ఆంగ్లవైద్యుడు వ్రాసిన వృత్తాంతము 1832లో అచ్చయినది. అట్టి ఉక్కుతో చేసిన కత్తిని సానబట్టి ఆమ్లమును తాకించినచో నీటి అలలవంటి రేఖలు పైకి తేలును. అవి పైపూత కావు. ఉక్కు గడ్డకట్టినప్పుడును, సుత్తెదెబ్బలకు సాగినప్పుడును లోపల ఏర్పడిన నిర్మాణమే అట్లు కంటికి గోచరించును. లోహము తాను పుట్టిన తీరును మరచిపోదనుటకు ఇంతకంటె చక్కని నిదర్శనము లేదు.

ఇక టైటానియము మాట. 1791లో ఇంగ్లండునందలి కార్న్‌వాల్‌లో విలియం గ్రెగర్ అను మతాచార్యుడు నల్లని ఇసుకలో ఒక కొత్త లోహపు జాడను కనుగొనెను. 1795లో జర్మనీ రసాయనవేత్త క్లాప్‌రోత్ దానికి టైటానియమని పేరిడెను. పేరు పెట్టుట సులభమైనది గాని, లోహమును ఖనిజమునుండి విడదీయుట సులభము కాలేదు. వేడియెక్కిన టైటానియము గాలిలోని ప్రాణవాయువును, నత్రజనిని ఆబగా పీల్చుకొని పెళుసెక్కిపోవును. 1910లో హంటర్ అను శాస్త్రజ్ఞుడు దానిని శుద్ధరూపమున తీసెను. 1940 ప్రాంతమున విలియం క్రోల్ మెగ్నీషియము సాయముతో తీయు పద్ధతిని కనిపెట్టినపిదపనే అది కర్మాగారములకెక్కినది.

ఆ నల్లని ఇసుక మన తెలుగుతీరమునను కలదు. భీమునిపట్నమువద్దను, శ్రీకాకుళముజిల్లా భావనపాడువద్దను సముద్రపుటొడ్డున కనబడు నల్లని చారలలో ఇల్మెనైటు అను టైటానియపు ఖనిజము కలదు. ఖనిజమునుండి మొదట వచ్చు లోహము రంధ్రములతో నిండియుండుటచేత దానిని స్పంజి యందురు. హైదరాబాదులో 1963లో ఏర్పడిన రక్షణలోహ పరిశోధనశాల రూపొందించిన పద్ధతిననుసరించి, కేరళలోని చవరయందు ఏటికి 500 టన్నుల స్పంజి తీయదగిన కర్మాగారము 2011లో ఆరంభమైనది. 1973లో నెలకొల్పబడిన మిశ్రధాతు నిగమ్ టైటానియపు మిశ్రమలోహములను కరగించి దిమ్మెలుగా, కడ్డీలుగా తయారుచేయుచున్నది. ఈ రెండు సంస్థలును మన ఊరినుండి బయలుదేరి నగరమును దాటిపోయినచో ఎదురగు కంచన్‌బాగులోనే యున్నవి.

శుద్ధమైన టైటానియముకంటె, నూటికి ఆరుపాళ్ళు అల్యూమినియము, నాలుగుపాళ్ళు వనేడియము కలిపిన మిశ్రమలోహము ఎక్కువ వాడుకలో నున్నది. ఇది 1950 తరువాతి దశకమున అమెరికాలో పుట్టినది. దీని బరువు ఉక్కు బరువులో సగముకంటె కొంచెమెక్కువ. బలమున మాత్రము మంచి ఉక్కులతో తూగును. త్రుప్పు పట్టదు. శరీరము దీనిని వెలివేయదు. అందుచేతనే విమానములోను, రాకెట్టులోను, మనిషి తుంటిలోను దీనికి చోటు దొరకినది.

ఈ లోహముతో వస్తువు చేయు పాతపద్ధతి కమ్మరి పద్ధతియే. పరిమాణము మాత్రము పెద్దది. కాచుట, మోదుట, పిదప చెక్కుట. రక్షణలోహ పరిశోధనశాలవారు 2,000 టన్నుల ప్రెస్సుతో విమానపు ఇంజనులోని టైటానియపు చక్రములను రూపొందించు పద్ధతిని సాధించినట్లు 2021లో ప్రభుత్వము ప్రకటించినది. అది గొప్ప విజయము. అయితే మోది చేసిన దిమ్మెనుండి వంకరటింకర ఆకారములను చెక్కునప్పుడు లోహము చాల వృథాయగును. కొన్ని విమానభాగములకు పదికిలోల దిమ్మె తీసికొన్నచో తుదకు కిలో వస్తువు మిగులును. తక్కినదంతయు పొట్టు. ఖరీదైన లోహమును పొట్టుచేయుట ఎవరికి ఇష్టము? ఆ బాధయే పొరల విధానమునకు దారి తీసినది.

ఆ విధానమును కన్నులకు కట్టినట్లు చెప్పుటకు ప్రయత్నింతును. మూసియున్న ఒక గదిని ఊహింపుడు. అందులో గాలికి మారుగా ఆర్గాన్ వాయువు నిండియుండును. అడుగున ఒక లోహపు పలక. దానిపై ఒక పట్టె టైటానియపు పొడిని పలుచగా పరచును. ఆ పొర మందము 30 మైక్రానులు, అనగా మిల్లీమీటరులో వెయ్యింట ముప్పదిపాళ్ళు. వెంట్రుక మందములో సగమునకు లోపు. పైనుండి లేజరు కిరణము వచ్చి, వస్తువు ఉండవలసిన చోట మాత్రమే పొడిని కరగించి పోవును. పలక ఒక పొరయంత క్రిందికి దిగును. మరల పొడి, మరల కిరణము. జానెడుకంటె తక్కువైన 120 మిల్లీమీటర్ల ఎత్తు వస్తువునకు 4,000 పొరలు కావలెను. తుదకు మిగిలిన పొడిని దులిపినచో లోపలినుండి వస్తువు బయటపడును. లేజరునకు బదులు ఎలక్ట్రానుల పుంజముతో, ఆర్గానునకు బదులు శూన్యములో చేయు యంత్రములును కలవు. పొడి పరచుటకు బదులు తీగెను కాని పొడిని కాని నేరుగా కరగు చోటికే అందించుచు పోసికొనిపోవునవియు కలవు.

ఇప్పుడు లోపల ఏమి జరుగుచున్నదో చూతము. కరగిన లోహపు మడుగు చాల చిన్నది. దాని వేడి ఎటు పోవును? క్రిందనున్న గట్టి లోహములోనికి పోవును. వేడి క్రిందికి దిగుచుండగా స్ఫటికములు పైకి పెరుగును. కొత్త పొర కరగునప్పుడు దాని క్రిందనున్న పాతపొర పైభాగమును కొంత కరగును. తిరిగి గడ్డకట్టునప్పుడు కొత్త లోహము పాతగింజలపైననే నిలిచి, వాని అమరికనే పుణికిపుచ్చుకొనును. ఇట్లు ఒక్క గింజయే అనేక పొరలను దాటుకొని నిలువుగా, స్తంభమువలె పెరుగును. మన రహదారి మర్రిచెట్ల క్రింద ఊడలు ప్రక్కప్రక్కన నిలిచియుండుట చూచియున్నారు గదా! ఊడలు పైనుండి దిగును. ఈ గింజలు క్రిందినుండి లేచును. కాని చూచుటకు పోలిక అట్టిదే. ఇది మొదటి సంగతి.

రెండవ సంగతి. టైటానియపు పరమాణువులకు రెండు అమరికలు కలవు. ఎక్కువ వేడిలో ఘనాకారపు అమరిక. చల్లారినపిదప షట్కోణపు అమరిక. మనము చెప్పుకొన్న మిశ్రమలోహములో సుమారు 995 డిగ్రీల సెంటీగ్రేడువద్ద ఈ మార్పు కలుగును. మెల్లగా చల్లారినచో రెండు అమరికలును పలుచని పలకలుగా కలిసి నిలుచును. లేజరు కిరణము దాటిపోగానే మాత్రము లోహము సెకనుకు పదివేలకు మించిన డిగ్రీల వేగముతో, ఒక్కొక్కప్పుడు పదిలక్షల డిగ్రీల వేగముతో చల్లారును. కమ్మరి ఎఱ్ఱగా కాగిన కొడవలిని నీట ముంచినట్లే యనుకొనుడు. అందుచేత ప్రతి స్తంభపు గింజలోపలను సన్నని సూదులవంటి నిర్మాణము ఏర్పడును. సూదులు బలమునిచ్చును, సాగుడును తగ్గించును. ఎలక్ట్రానుల యంత్రములో పొడిని ముందుగనే 600 డిగ్రీలకు పైబడి కాచియుంచుటచేత సూదులు ముదిరి పలకలగును. బలము కొంత తగ్గి, సాగుడు కొంత పెరుగును.

అంకెలలో చెప్పవలెనన్న, ఈ మిశ్రమలోహమును పొడిపరుపు విధానమున చేసినప్పుడు తెగకుండ ఓర్వవలసిన కనిష్ఠబలము 895 మెగాపాస్కళ్ళని అమెరికాలో 2012లో వెలువడిన ప్రమాణపత్రము చెప్పుచున్నది. అనగా చదరపు మిల్లీమీటరునకు సుమారు 91 కిలోల బరువు. తెగుటకు ముందు నూటికి పదిపాళ్ళయినను సాగవలెననియు అందు కలదు. లేజరు యంత్రమునుండి అప్పుడే తీసిన ముక్క 1,100 మెగాపాస్కళ్ళను దాటుట సామాన్యము. కాని దాని సాగుడు తరచుగా పదిపాళ్ళకు లోపే. బలము చూచి మురిసినవాడు సాగుడు చూచి జాగ్రత్తపడవలెను. సాగని లోహము చెప్పకుండ విరుగును.

ఇక అసలు ప్రశ్న: ఏ దిక్కున?

ఒక్క టైటానియపు స్ఫటికమును తీసికొన్నను దానికి దిక్కు కలదు. షట్కోణపు నిలువు అక్షము వెంట దాని బిగువు సుమారు 145 గిగాపాస్కళ్ళు. అడ్డముగా సుమారు 100. అయితే ఒక్కొక్క స్తంభపు గింజలోపల సూదులు పండ్రెండు తీరుల వాలి పుట్టదగును. కనుక ఒక తీరు లోటును మరియొకటి చాలవరకు పూడ్చును. అందుచేతనే నిలువున లాగినను అడ్డముగా లాగినను బలపు అంకెలు చాలసార్లు దగ్గరదగ్గరగానే యుండును. ఆ దగ్గరతనమే మనిషిని మోసపుచ్చును. దిక్కుభేదము ఎక్కువగా సాగుడులోను, మాటిమాటికి బరువుమోయుటవలన కలుగు అలసటలోను బయటపడును.

దానికి రెండు మూలములు కలవు. ఒకటి జొన్నచొప్ప మోపువంటిది. మోపును పొడవున లాగినచో తెగదు. అడ్డముగా లాగినచో దంటులు విడిపోవును. స్తంభపు గింజల సరిహద్దుల వెంట ఒక్కొక్కప్పుడు సన్నని పొరవంటి పట్టీ ఏర్పడును. అడ్డముగా లాగినచో ఆ సరిహద్దులు నోరు తెరచును. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయమువారు పొడిని నేరుగా పోసి కట్టిన గోడను పరీక్షించి 2015లో ప్రకటించిన ఫలితములలో, నిలువున లాగినప్పుడు సాగుడు సుమారు 14 పాళ్ళు. అడ్డముగా లాగినప్పుడు సుమారు 11 పాళ్ళు.

రెండవ మూలము మన మట్టిగోడవంటిది. మట్టిగోడను వరుసలు వరుసలుగా పెట్టుదురు. క్రిందివరుసను తడుపకుండ పైవరుసను పెట్టినచో రెండింటికి అతుకు కుదరదు. చూచుటకు గోడ నిలిచియే యుండును. వరుసల నడుమ బీట మాత్రము దాగియుండును. పొరల విధానములోను కిరణపు శక్తి చాలనప్పుడు, లేక పొడి సరిగా పరచుకొననప్పుడు, పొరలనడుమ కరగని చోట్లు పలుచని బిళ్ళలవలె మిగిలిపోవును. అడ్డముగా లాగినచో అవి అంతగా బాధింపవు. నిలువున లాగినచో, పొర పొరనుండి ఊడునట్లు, అచ్చటనే పగులు మొదలగును.

చూచితిరా! మోపు అడ్డముగా బలహీనము. గోడ నిలువుగా బలహీనము. ఒకే వస్తువులో రెండును ఉండవచ్చును. ఏది పైచేయి యగునో యంత్రమునుబట్టి, పొడినిబట్టి, పని నాణ్యతనుబట్టి మారును. కనుక “నిలువే మేలు” అనియో “అడ్డమే మేలు” అనియో ఒక సూత్రము కంఠస్థము చేసినవాడు ఎప్పుడో ఒకప్పుడు తప్పును. పరీక్షించి చూచుట తప్ప గత్యంతరము లేదు.

ఈ మాట నేను పుస్తకమునుండి నేర్చుకొనలేదు. నా తప్పునుండి నేర్చుకొంటిని. దానిని నలుగురిలో చెప్పుటకు ఇన్నాళ్ళు సంకోచించితిని. నేడు చెప్పుదును.

కొన్నియేండ్ల క్రిందట ఒక కర్మాగారమున టైటానియపు చేయివంటి భాగము నొకదానిని పొరల విధానమున చేసిరి. బరువుమోయు భాగమది. యంత్రములో దానిని నిలువుగా నిలబెట్టి కట్టిరి. దానితోపాటు పరీక్షకై చిన్న కడ్డీలనుగూడ కట్టవలెను. కడ్డీలను నిలబెట్టి కట్టినచో పొరలెక్కువ, కాలమెక్కువ, ఖర్చు ఎక్కువ. పడుకోబెట్టి కట్టినచో త్వరగా ముగియును. గడువు దగ్గరపడినది. పడుకోబెట్టినవే చాలునని నేను ఒప్పుకొంటిని. వానిని లాగి చూచితిని. బలము ఉండవలసినదానికంటె ఎక్కువే, సాగుడును సంతృప్తికరమే. పత్రముపై సంతకము పెట్టితిని.

అచ్చటనే పనిచేయు వృద్ధుడైన ఫిట్టరు ఒకడు కడ్డీని చేతిలో త్రిప్పి చూచి, “సార్, ఇది పండుకొని పుట్టింది. ఆ చెయ్యి నిలబడి పుట్టింది. రెండూ ఒకటే ఎట్లయితయి?” అని యడిగెను. “పొడి ఒకటే, యంత్రమొకటే గదా!” అని నేను నవ్వి ఊరకుంటిని. అతడు మరల మాటాడలేదు.

అదృష్టవశమున ఆ భాగమును దాని స్థానమున బిగించుటకు ముందు, మాటిమాటికి బరువుపెట్టి తీయు యంత్రముపై పరీక్షించుట అచ్చట నియమము. ఓర్వవలసిన తడవలలో నాలుగవవంతు కాకమునుపే అది ఒక పొరవెంట చక్కగా, కత్తితో కోసినట్లు, విరిగినది. విరిగిన ముఖమును సూక్ష్మదర్శినిలో పెట్టితిని. పలుచని బిళ్ళవంటి ఖాళీలు. వానిలో కరగని పొడిగుండ్లు ఆవగింజలవలె మెరయుచుండెను. పడుకోబెట్టిన కడ్డీలను లాగినప్పుడు ఆ ఖాళీలు నోరు మూసికొని పడియున్నవి. నిలబడిన చేతిని లాగినప్పుడు నోరు తెరచినవి. నా పత్రములోని అంకెలలో ఒక్కటియు అబద్ధము కాదు. కాని అవి వేరొక ప్రశ్నకు సమాధానములు. ఆ దినము ఎవరికిని గాయము కాలేదు. అయినను ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మరునాడు ఆ ఫిట్టరువద్దకు పోయి, “అన్నా, నీవు అడిగినదే నిజము” అంటిని. అతడు, “కట్టె నరికినోనికి తెలుస్తది సార్” అని మాత్రమే అనెను.

అట్లయినచో ఈ విధానమే చెడ్డదా? కాదు. రోగము తెలిసినచో మందు కలదు. మొదటి మందు పనిలోనే యున్నది. ప్రతి పొరలోను కిరణము నడచు గీతల దిక్కును త్రిప్పుదురు. 67 డిగ్రీల చొప్పున త్రిప్పుట ఎక్కువ వాడుక. అట్లు చేసినచో ఒక పొర లోపము మరియొక పొర లోపముపై వరుసగా పడదు. రెండవది వేడి. వస్తువును కాచి, లోపలి బిగింపులను సడలింతురు. సూదులు ముదిరి సాగుడు పెరుగును. మూడవది, సుమారు 920 డిగ్రీల వేడిలో, వేయి వాతావరణముల ఒత్తిడిగల ఆర్గానులో రెండు గంటలుంచి, నలువైపులనుండి అదుముట. లోపలి ఖాళీలు దీనితో చాలవరకు మూసికొనును. పైకి తెరచుకొన్న పగుళ్ళు మాత్రము మూసికొనవు. లోనికి ఒత్తిడి వాయువే చొచ్చును గదా! మరియు 995 డిగ్రీలకు లోపు ఎంత కాచినను స్తంభపు గింజలు చెరగవు. అంతకు మించి కాచినచో చెరగును గాని గింజలు లావెక్కి సాగుడు తగ్గును. ఒకటి సవరింపబోయి మరియొకటి చెడుట వంటయింటిలోను ఉన్నదే.

స్తంభములు అసలు పుట్టకుండ చేయు ప్రయత్నములును జరుగుచున్నవి. తీగెతో పోయుచున్న ప్రతి పొరను చక్రముతో అణచుట ఒకటి. ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ నగరమందలి ఆర్‌ఎంఐటీ విశ్వవిద్యాలయమువారు కరగిన మడుగును చెవికి వినబడని ధ్వనితరంగములతో కదిపి, స్తంభములకు మారుగా సన్నని గుండ్రని గింజలను పుట్టించి 2020లో చూపిరి. గంజి కలియబెట్టినచో ఉండకట్టనట్లు, కదిలిన మడుగులో స్తంభము నిలువలేదు.

ఈ జాగ్రత్తలన్నిటితో పొరల విధానము లోకమున స్థానము సంపాదించుకొన్నది. 2007నుండి యూరపులో ఇట్టి పద్ధతిని చేసిన తుంటిగిన్నెలను రోగులకు అమర్చుచున్నారు. ఎముక లోనికి చొచ్చి పట్టుకొనుటకు వీలుగా వాని వెలుపలిభాగమును స్పంజివలె చేయగలుగుట ఈ విధానముయొక్క గొప్ప. 2017లో నార్వేదేశపు సంస్థ పొరలుగా చేసిన టైటానియపు భాగములను బోయింగు 787 విమానపు నిర్మాణములో వాడుటకు అమెరికా విమానయాన శాఖ అనుమతించినది. మన హైదరాబాదులోని స్కైరూట్ సంస్థవారి విక్రమ్-ఎస్ రాకెట్టు 2022 నవంబరు 18న శ్రీహరికోటనుండి ఎగిరినది. అందును ముద్రించిన భాగములు కొన్ని వాడబడినవి. కనుక తుంటిలో లోహమున్న పెద్దలు నా మాటలకు దిగులుపడవలదు. అట్టి భాగములను ఏ దిక్కున ఎంత బరువు పడునో లెక్కించి, ఆ దిక్కుననే పరీక్షించిన తరువాతనే వాడవలెనను నియమము మీ రక్షణకే పుట్టినది. ఇంతకుముందు చెప్పిన ప్రమాణపత్రము సయితము కనిష్ఠబలమును నిలువునకును అడ్డమునకును కోరుచున్నది. నియమములు విసుగు పుట్టించును. కాని ప్రతి నియమము వెనుక ఎక్కడనో విరిగిన ఒక ముక్క కలదు.

తుదిగా విద్యార్థులకు ఒక మాట. మీరు చదువు ముగించి ఏ కర్మాగారమునకు పోయినను, మీ యెదుట ఒక కాగితము పెట్టి, “బలమింత, సంతకము చేయుడు” అని అందురు. అప్పుడు మూడు ప్రశ్నలు వేయుడు. వస్తువు ఏ దిక్కున కట్టబడినది? బరువు ఏ దిక్కున పడును? పరీక్ష ఏ దిక్కున జరిగినది? ఈ మూడును కలిసినచో సంతకము చేయుడు. కలియనిచో, గడువు ఎంత దగ్గరపడినను, కలము మూయుడు. మీకంటె తక్కువ చదివిన పనివాడు ఒక సందేహము చెప్పినచో నవ్వి ఊరకుండకుడు. ఆ నవ్వు వెల ఎంతయో నాకు తెలిసినది.

కార్యవర్గమువారికి ఒక మనవి. ఈ రజతోత్సవ జ్ఞాపకార్థము ఒక బీరువాను విజ్ఞానశాస్త్ర గ్రంథములకై వేరుగా నుంచుడు. ఇంటర్మీడియటు చదువు పిల్లవాడు తెలుగులో లోహములను గూర్చి చదువుకొని, పిదప కళాశాలలో ఆంగ్లమున చదివినచో, విషయము వానికి పరాయిది కాదు. ఆ బీరువాకు మొదటి పుస్తకములుగా నావద్దనున్న నాలుగు లోహశాస్త్ర గ్రంథములను నేడే సమర్పించుచున్నాను. వానితోపాటు ఒక చిన్న డబ్బాలో ఆ విరిగిన ముక్కనుగూడ ఉంచుచున్నాను. కర్మాగారమువారి అనుమతితోనే తెచ్చుకొంటిని. చూడగోరిన పిల్లలకు భూతద్దముతో చూపుడు. మంచి పుస్తకము ఎంత చెప్పునో విరిగిన ముక్కయు అంత చెప్పును.

గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనవలెనని కోరుచున్నాను.